పాత ఫ్లాష్, కొత్త కెమెరా



వినాయక చవితి దగ్గర పడింది. చవితి అనగానే మన రంగారెడ్డి జిల్లాలో ముందుగా నోట వచ్చే పేరు బాలాపూర్. అక్కడి లడ్డూ వేలం గురించి మీకు కొత్తగా చెప్పాల్సింది లేదు. 1994లో 450 రూపాయలతో మొదలైంది. ఇప్పుడు లక్షలు పలుకుతోంది. అనంత చతుర్దశి నాడు పొద్దున, ఊరి బొడ్రాయి దగ్గర, 21 కిలోల లడ్డూ చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. పాట పెరిగే కొద్దీ కేకలు, ఈలలు. చివరి పాట ఖాయం కాగానే కెమెరాలన్నీ ఒక్కసారిగా పైకి లేస్తాయి.

ఆ ఫోటోలు ఇంటికొచ్చాక తీరిగ్గా చూడండి. చాలావాటిలో ఒకటే లోపం. ఎండ నడినెత్తికి ఎక్కుతోంది. వెనక ఆకాశం తెల్లగా వెలిగిపోతోంది. లడ్డూ నెత్తిన పెట్టుకున్న మనిషి ముఖం మాత్రం నల్లగా ఉంది. కళ్లు నీడలో మునిగిపోయాయి. పాట దక్కిన సంతోషమంతా ఆ కళ్లలోనే కదా ఉంది! అసలు చూడాల్సింది అదే. అదే కనపడలేదు.

ఆ ముఖానికి కాస్త వెలుగు కావాలి. ఎండతో పోటీ పడేంత కాదు, నీడను కొంచెం తేల్చేంత. ఆ వెలుగు ఇచ్చే వస్తువు మీ ఇంట్లోనే ఉండి ఉండొచ్చు. బీరువా పై అరలోనో, అటక మీదో, ఊళ్లో మూతపడిన ఫోటో స్టూడియోలోనో ఒక పాత ఫ్లాష్ గన్ పడి ఉండొచ్చు. వివిటార్ కావచ్చు, నేషనల్ కావచ్చు, సన్‌పాక్ కావచ్చు, మెట్జ్ కావచ్చు. రీలు కెమెరాల రోజుల్లో ఎన్ని పెళ్లిళ్లకు వెలుగిచ్చిందో ఆ ఫ్లాష్. ఇప్పుడు దాని మీద దుమ్ము.

ఈ మధ్య మన పిల్లలు మంచి కెమెరాలు కొంటున్నారు. ఒకరిది కానన్, ఒకరిది నికాన్, ఒకరిది సోనీ. వాళ్లకు వచ్చే సందేహం ఒకటే. ఫ్లాష్ ఒక కంపెనీది, కెమెరా ఇంకో కంపెనీది. ఈ పాత ఫ్లాష్ నా కొత్త కెమెరాకు పనికొస్తుందా? పెడితే కెమెరా పాడవుతుందా?

ఈ రోజు మన ముచ్చట దాని గురించే. జవాబు ముందే చెప్పేస్తాను. చాలావరకు పనికొస్తుంది. కాని పెట్టేముందు ఒక పరీక్ష చేయాలి. పెట్టాక ఒక పద్ధతి నేర్చుకోవాలి. పరీక్ష వోల్టేజీది. పద్ధతి, వెలుగును మన చేత్తో మనం కొలిచి పెట్టుకోవడం. ముందు వోల్టేజీ, తర్వాత వెలుగు. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి. నేనూ మధ్య మధ్యలో గుర్తుచేస్తుంటాను.

ముందుగా, కెమెరాకూ ఫ్లాష్‌కూ మధ్య ఏం జరుగుతుందో చూద్దాం.

మీ కెమెరా పైన ఒక గాడి ఉంటుంది. హాట్ షూ అంటారు. ఫ్లాష్ కాలు అందులోకి జారుతుంది. ఆ గాడి మధ్యలో గుండ్రంగా ఒక మెరిసే చుక్క ఉంటుంది. ఫ్లాష్ కాలి అడుగున కూడా సరిగ్గా అక్కడే ఒక చుక్క. మీరు బటన్ నొక్కుతారు. షట్టర్ పూర్తిగా తెరుచుకుంటుంది. అదే క్షణంలో కెమెరా ఆ మధ్య చుక్కనూ గాడి అంచున ఉన్న లోహాన్నీ కలుపుతుంది. రెండూ కలవగానే ఫ్లాష్ వెలుగుతుంది. అంతే సంగతి.

ఈ మధ్య చుక్కకు అంతర్జాతీయంగా ఒక కొలత ఉంది. నికాన్ అయినా, కానన్ అయినా, పెంటాక్స్ అయినా, ఫ్యూజీ అయినా అది ఉండేది ఒకే చోట, చేసేది ఒకే పని. ఆర్టీసీ బస్సులో కండక్టర్ గంట కొడితే, డ్రైవర్ ఏ ఊరివాడైనా బండి కదులుతుంది కదా. ఈ మధ్య చుక్క ఆ గంట లాంటిది. వెలుగు అని చెబుతుంది. ఎంత వెలగాలో మాత్రం చెప్పదు.

మరి ఎంత వెలగాలో ఎవరు చెబుతారు? మధ్య చుక్క చుట్టూ ఇంకొన్ని చిన్న చుక్కలు చూస్తారు. అవి కంపెనీల సొంతం. కానన్ వాటిని ఒక తీరుగా పెట్టింది, నికాన్ ఇంకో తీరుగా పెట్టింది. టీటీఎల్ అనే మాట మీరు వినే ఉంటారు. లెన్సులోంచి వచ్చిన వెలుగును కెమెరానే కొలిచి, ఇక చాలు ఆపు అని ఫ్లాష్‌కు చెప్పే ఏర్పాటు అది. ఆ సంభాషణ ఈ చిన్న చుక్కల మీదుగా నడుస్తుంది. ఒక కంపెనీ భాష ఇంకో కంపెనీకి తెలియదు. కాబట్టి కంపెనీ మారితే టీటీఎల్ పనిచేయదు. ఫ్లాష్ వెలుగుతుంది, కాని తనంతట తాను కెమెరా మాట విని ఆగదు.

ఇక్కడ ఒక విషయం చెబితే మీకు ఆశ్చర్యం కలగవచ్చు. కంపెనీ ఒకటే అయినా ఇదే ఇబ్బంది వస్తుంది. రీలు కెమెరాల్లో టీటీఎల్ అంటే, ఫిల్మ్ మీద పడి వెనక్కి తిరిగిన వెలుగును కొలవడం. ఒలింపస్ కంపెనీ 1975లోనే ఓఎం-2 కెమెరాలో ఆ పని చేసి చూపింది. డిజిటల్ వచ్చాక ఫిల్మ్ పోయి సెన్సర్ వచ్చింది. సెన్సర్ మీద పడిన వెలుగు ఫిల్మ్ మీద పడినట్టు తిరిగిరాదు. అందుకని కంపెనీలు పద్ధతి మార్చాయి. అసలు ఫ్లాష్‌కు ముందు ఒక చిన్న మెరుపు పంపి, దాన్ని కొలిచి, ఆ తర్వాత అసలు వెలుగు ఇవ్వడం మొదలుపెట్టాయి. దాంతో కానన్ వారి పాత ఈజెడ్ రకం ఫ్లాష్‌లు కానన్ వారి డిజిటల్ కెమెరాల మీదే టీటీఎల్ చేయలేవు. అంటే, కంపెనీ ఒకటా రెండా అన్నది మనం అనుకున్నంత పెద్ద అడ్డంకి కాదు. ఫ్లాష్ పాతదైతే, ఎవరిదైనా సరే, వెలుగును మనమే కొలుచుకోవాలి.

సరే. ఇప్పుడు పరీక్ష దగ్గరికి వద్దాం. ముందు వోల్టేజీ అన్నాను. ఎందుకు?

రీలు కెమెరాల్లో ఫ్లాష్‌ను వెలిగించేది రెండు లోహపు ముక్కలు. అవి ఒకదానికొకటి తగిలితే చాలు. వాటి మధ్య 200 వోల్టులున్నా వాటికేమీ కాదు. అందుకే ఆ రోజుల్లో ఫ్లాష్ తయారుచేసినవాళ్లు లోపలి పెద్ద వోల్టేజీని దాదాపు నేరుగా కాలి చుక్క దాకా తెచ్చి వదిలేశారు. ఇప్పటి కెమెరాల్లో లోహపు ముక్కలు లేవు. వాటి బదులు చిన్న ఎలక్ట్రానిక్ స్విచ్ ఉంది. దానికి తట్టుకునే శక్తి ఒక హద్దు వరకే. హద్దు దాటితే ఆ స్విచ్ కాలిపోవచ్చు. కొన్నిసార్లు కెమెరా బోర్డు దాకా దెబ్బ తగలవచ్చు. వేలు పోసి కొన్న కెమెరా రిపేరు షాపుకు పోతుంది.

మరి హద్దు ఎంత? అంతర్జాతీయ ప్రమాణం 24 వోల్టులు అంటుంది. కొన్ని కంపెనీలు అంతకన్నా చాలా ఎక్కువ తట్టుకునేలా చేశాయి. నికాన్ తన కెమెరాల పుస్తకంలో 250 వోల్టులు దాటినదాన్ని పెట్టొద్దని రాస్తుంది. మీ కెమెరా పుస్తకంలో ఏం రాసి ఉందో ఒకసారి చూడండి. ఏమీ రాసి లేకపోతే 24 దాటనివ్వకండి. 6 వోల్టుల లోపే ఉంటే ఇంకా నిశ్చింత.

ఫ్లాష్ పేరు తెలిస్తే దాని వోల్టేజీ తెలిసిపోతుందా? తెలియదు. దీనికి మంచి ఉదాహరణ వివిటార్ 283. 1970లలో వచ్చి, ప్రపంచమంతా పత్రికా ఫోటోగ్రాఫర్ల చేతుల్లో తిరిగిన ఫ్లాష్ అది. తొలి రోజుల్లో జపాన్‌లో తయారైనవాటిలో 200 వోల్టులు దాటేవి ఉన్నాయి. తర్వాత కొరియాలో తయారైనవాటిలో 10 వోల్టుల లోపు ఉండేవీ ఉన్నాయి. పేరు ఒకటే, రూపం ఒకటే, కాలి చుక్క మీద వోల్టేజీ మాత్రం వేరు. అందుకే పక్కింటి ఫ్లాష్ బాగా పనిచేసింది కదా అని మీది పెట్టొద్దు. మీ చేతిలో ఉన్నదాన్నే కొలవండి.

కొలవడం కష్టమేమీ కాదు. ఒక డిజిటల్ మల్టీమీటర్ కావాలి. కోఠిలో గుజరాతీ గల్లీకి వెళితే దొరుకుతుంది. కొనడం ఇష్టం లేకపోతే మీ వీధిలో టీవీ బాగుచేసే అన్న దగ్గర ఉంటుంది, అడగండి.

ఇప్పుడు నేను చెప్పినట్టు చేయండి. ఫ్లాష్‌లో కొత్త సెల్లులు వేయండి. కెమెరా మీద పెట్టకండి. బల్ల మీద పెట్టి ఆన్ చేయండి. కూ అంటూ సన్నని చప్పుడు మొదలై, పెరిగి పెరిగి ఆగుతుంది. వెనక ఎర్ర దీపం వెలుగుతుంది. వెలిగాక ఇంకో అర నిమిషం ఆగండి. మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టండి, పెద్ద అంకె మీద. ఎర్ర తీగ మొనను ఫ్లాష్ కాలి అడుగున మధ్య చుక్కకు ఆనించండి. నల్ల తీగ మొనను కాలి పక్క అంచున ఉన్న లోహానికి ఆనించండి. కాలు ప్లాస్టిక్‌దైతే, అంచున గాడి లోపల సన్నని లోహపు రేకు ఉంటుంది, దానికి ఆనించండి. రెండు మొనలూ ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి. వేళ్లు లోహాన్ని తాకకుండా పట్టుకోండి. మీటర్ మీద అంకె నిలవగానే చదవండి.

5 వచ్చింది, 8 వచ్చింది. సంతోషం. పెట్టుకోవచ్చు. 150 వచ్చింది, 220 వచ్చింది. కెమెరా మీద పెట్టకండి. అంకె ముందు మైనస్ గుర్తు వచ్చినా పెట్టకండి, దాని తీగలు తిరగబడి ఉన్నాయని అర్థం. మళ్లీ చెబుతున్నాను. దీపం వెలిగాక, కెమెరాకు పెట్టకముందు, మధ్య చుక్కకూ అంచుకూ మధ్య కొలవాలి. 24 దాటితే కెమెరా మీదికి వద్దు.

వద్దంటే పారేయాలా? అక్కర్లేదు. అలాంటి ఫ్లాష్‌కూ దారి ఉంది. రేడియో ట్రిగ్గర్ అని చిన్న పెట్టెలు రెండు వస్తాయి. ఒకటి కెమెరా మీద పెడతారు. రెండోదానికి ఫ్లాష్ తగిలిస్తారు. ఆ రెండింటి మధ్య తీగ లేదు. సంకేతం మాత్రం పోతుంది. ఫ్లాష్ వోల్టేజీ కెమెరా దాకా రానే రాదు. ఆ రెండో పెట్టె ఎన్ని వోల్టులు తట్టుకుంటుందో దాని కాగితం మీద చూసి కొనండి, చాలు. ఇంకో దారి స్లేవ్. ఇంకో ఫ్లాష్ మెరుపు చూడగానే దీన్ని వెలిగించే చిన్న కన్ను అది. దానితో ఒక జాగ్రత్త. కెమెరా మీద ఉన్న ఫ్లాష్ ముందస్తు చిన్న మెరుపు పంపుతుందని చెప్పాను కదా. స్లేవ్ ఆ చిన్న మెరుపుకే వెలిగిపోయి, అసలు ఫోటో సమయానికి చల్లబడుతుంది. కెమెరా ఫ్లాష్‌ను మాన్యువల్‌లో పెడితే ముందు మెరుపు ఉండదు. అప్పుడు స్లేవ్ సరిగ్గా పనిచేస్తుంది.

నిజానికి ఫ్లాష్ కెమెరా నెత్తిమీద నుంచి దిగితేనే ఫోటోకు మేలు. పక్క నుంచి వచ్చిన వెలుగు ముఖానికి ఒంపు తెస్తుంది, ముక్కూ బుగ్గా విడివిడిగా కనిపిస్తాయి. ఎదురుగా కొట్టిన వెలుగు ముఖాన్ని అప్పడంలా చదును చేస్తుంది.

మధ్య చుక్క అన్ని కెమెరాల్లోనూ ఒకటే అన్నాను కదా, దానికి రెండు మినహాయింపులు చెప్పి ముందుకు పోదాం. మినోల్టా కంపెనీ 1988లో తనదైన వేరే రకం గాడి తెచ్చింది. ఆ కెమెరాల వ్యాపారం 2006లో సోనీ చేతికి వచ్చింది. ఆ గాడి కూడా వచ్చింది. 2012లో సోనీ మళ్లీ అందరి గాడికి సరిపోయే కొత్త గాడి పెట్టింది. కాబట్టి అంతకుముందు వచ్చిన సోనీ ఆల్ఫా కెమెరాలు చాలావాటికి మామూలు ఫ్లాష్ పెట్టాలంటే మధ్యలో అడాప్టర్ కావాలి. రెండోది, కానన్ 200డి మార్క్ టూ వంటి కొన్ని కెమెరాల్లో ఆ మధ్య చుక్కే తీసేశారు. వాటి మీద పాత ఫ్లాష్ నేరుగా పనిచేయదు. కొనేముందు గాడిలోకి తొంగిచూడండి. మధ్య చుక్క ఉందా లేదా? ఉంటే చాలు.

వోల్టేజీ అయిపోయింది. ఇప్పుడు వెలుగు.

పాత ఫ్లాష్‌లకు ఒక గొప్ప గుణం ఉంది. చాలావాటికి సొంత కన్ను ఉంటుంది. ముందువైపు చిన్న గుండ్రని రంధ్రం చూడండి, అదే ఆ కన్ను. మనిషి మీద పడి తిరిగొచ్చిన వెలుగును అదే కొలుచుకుంటుంది. చాలు అనిపించగానే అదే ఆపేస్తుంది. దానికి కెమెరాతో సంబంధం లేదు. కెమెరా ఏ కంపెనీదో దానికి అవసరం లేదు. వివిటార్ 283 మీద రంగుల డయల్ ఉంటుంది. పసుపు, ఎరుపు, నీలం, ఊదా. ఒక్కో రంగుకు లెన్సు ద్వారం, అంటే ఎఫ్ నంబర్, ఎంత పెట్టాలో అక్కడే రాసి ఉంటుంది. కెమెరాను మాన్యువల్‌లో పెట్టండి. ఫ్లాష్ మీద ఏ ఐఎస్ఓ ఉందో కెమెరాలో అదే పెట్టండి. రంగు చెప్పిన ఎఫ్ నంబరే లెన్సుకు పెట్టండి. ఇక ఫ్లాష్ తన పని తాను చూసుకుంటుంది. యాభై ఏళ్ల నాటి ఫ్లాష్ ఈ ఏడాది కొన్న కెమెరా మీద ఆటోమేటిక్‌గా వెలుగు ఇస్తుంది. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి!

కన్ను లేని ఫ్లాష్ అయితే? లేదా కన్ను పనిచేయకపోతే? అప్పుడు ఒక చిన్న లెక్క. ప్రతి ఫ్లాష్‌కూ గైడ్ నంబర్ ఉంటుంది. దాని బలం అది. ఆ నంబర్‌ను దూరంతో భాగిస్తే ఎఫ్ నంబర్ వస్తుంది. 283 గైడ్ నంబర్ 36, మీటర్ల లెక్కలో, ఐఎస్ఓ 100 దగ్గర. మనిషి 3 మీటర్ల దూరంలో ఉన్నాడు. 36ను 3తో భాగిస్తే 12. అంటే ఎఫ్ 11 పెడితే సరిపోతుంది. గైడ్ నంబర్‌ను దూరంతో భాగించాలి. ఇంకోసారి: గైడ్ నంబర్‌ను దూరంతో భాగించాలి. ఇంతే లెక్క. రీలు కాలం స్టూడియో పెద్దలు దీన్ని నోటికి చెప్పేవారు. దూరం కళ్లతో చూసి, లెన్సు తిప్పి, కొట్టేవారు. రీలులో 36 ఫోటోలే. తప్పు చేసే వీలు లేదు.

ఇప్పుడు బొడ్రాయి దగ్గర ఆ నల్లటి ముఖాన్ని చూద్దాం. పొద్దున పది గంటల ఎండ. ఐఎస్ఓ 100, షట్టర్ సెకనులో 200వ వంతు, ఎఫ్ 11. ఆకాశం, జనం, తోరణాలు సరిగ్గా వస్తాయి. ముఖం నల్లగా ఉంటుంది. మనిషి 3 మీటర్ల దూరంలో ఉంటే, ఇందాక వేసిన లెక్క ప్రకారం ఫ్లాష్ పూర్తి బలం ఎండతో సమానం. అంత వద్దు. అంత కొడితే ముఖం పటం అతికించినట్టు కనిపిస్తుంది. ఫ్లాష్‌ను సగానికి తగ్గించండి. నీడ తేలుతుంది, ఎండ ఎండలాగే ఉంటుంది. ముఖం మీద ఫ్లాష్ పడిందన్న సంగతి చూసినవాళ్లకు తెలియదు. కళ్లు కనిపిస్తాయి, కళ్లలో మెరుపు కనిపిస్తుంది.

కన్ను ఉన్న ఫ్లాష్‌తో ఇదే పని ఇంకా తేలిక. ఫ్లాష్‌కు ఎఫ్ 8 అని చెప్పండి. కెమెరాలో ఎఫ్ 11 పెట్టండి. ఫ్లాష్ తన లెక్కన సరిగ్గానే ఇస్తుంది, లెన్సు మాత్రం సగమే తీసుకుంటుంది.

షట్టర్ వేగం ఇక్కడ చాలా ముఖ్యం. ప్రతి కెమెరాకూ ఫ్లాష్‌తో కలిసే గరిష్ట వేగం ఒకటుంది. ఇప్పటి కెమెరాల్లో చాలావరకు సెకనులో 200వ వంతు, అటూ ఇటుగా. అది దాటితే షట్టర్ తెరలు రెండూ ఒకేసారి పూర్తిగా తెరిచి ఉండవు. ఫోటోలో ఒక పక్క నల్లటి పట్టీ పడుతుంది. అది ఫ్లాష్ తప్పు కాదు. వేగం తగ్గించండి, పట్టీ పోతుంది.

చవితి తర్వాత బతుకమ్మ. అప్పుడు లెక్క మొత్తం తిరగబడుతుంది. సద్దుల బతుకమ్మ నాడు చీకటి పడ్డాక, గుడి ముందరి మైదానంలో, అక్కలూ చెల్లెళ్లూ చుట్టూ తిరుగుతూ ఆడుతుంటారు. మధ్యలో తంగేడు, గునుగు, బంతి పూల బతుకమ్మలు. పైన రంగు దీపాల తోరణాలు. ఇక్కడ ఫ్లాష్ పూర్తి బలంతో ఎదురుగా కొడితే ఏమవుతుంది? ముందున్న ముఖాలు సున్నం కొట్టినట్టవుతాయి. వెనకంతా చీకటి. దీపాలు లేవు, పండుగ లేదు. ఏ ఊరి ఫోటోనో కూడా తెలియదు.

పైగా ఇక్కడ పాత ఫ్లాష్ కన్ను పొరపడుతుంది. మైదానం ఖాళీ, వెనక గోడ లేదు. వెలుగు తిరిగి రాదు. ఇంకా చాలలేదనుకుని కన్ను ఇంకా పోస్తుంది. అందుకని ఇక్కడ కన్నును నమ్మకుండా చేత్తో పెట్టుకోండి. ఐఎస్ఓ 400, ఎఫ్ 5.6, ఫ్లాష్ బలం పదహారో వంతు, మనుషులు 3 మీటర్ల దూరం. షట్టర్ మాత్రం నెమ్మది, సెకనులో 15వ వంతు. చాలకపోతే 8వ వంతు. ఏం జరుగుతుందంటే, ఫ్లాష్ ఒక్క క్షణంలో ముఖాన్నీ పూలనూ నిలబెడుతుంది. షట్టర్ ఇంకా తెరిచే ఉంటుంది కాబట్టి వెనక దీపాలు నింపాదిగా లోపలికి వస్తాయి. తిరుగుతున్న చీర అంచు కొంచెం చెదిరి, ఆట కదలిక తెలుస్తుంది. గునుగు పువ్వు కొసన ఉన్న గులాబీ రంగు కూడా నిలుస్తుంది. దీపాలు పసుపుగా ఉండి ముఖాలు నీలంగా అనిపిస్తే, ఫ్లాష్ ముందు తేనె రంగు పారదర్శక కాగితం ఒక ముక్క అతికించండి. రెండు వెలుగులూ కలిసిపోతాయి.

పగలు షట్టర్‌ను పైకి తీసుకుపోయి ఎండను అదుపు చేశాం. రాత్రి షట్టర్‌ను కిందికి దించి దీపాలను పిలిచాం. రెండుసార్లూ ఫ్లాష్ పని మాత్రం ముఖం వరకే. ఇది మనసులో పడితే, వెలుగు సగం మీ చేతికి వచ్చినట్టే.

ఇక పెళ్లి. ఇంట్లోనో హాలులోనో తెల్లటి సీలింగ్ ఉంటే ఫ్లాష్ తలను పైకి తిప్పండి. జీలకర్ర బెల్లం వేళ పెళ్లికూతురు తల వంచుకుని ఉంటుంది, పైన పందిరి పూల నీడ. ఎదురుగా కొడితే నగలు మెరిసి ముఖం మాసిపోతుంది. సీలింగ్‌కు కొడితే వెలుగు పరుచుకుని మెత్తగా కిందికి దిగుతుంది. దూరం పెరిగింది కాబట్టి బలం పెంచాలి. సీలింగ్‌కు రంగు ఉంటే మాత్రం వద్దు, ఆకుపచ్చ గోడకు కొడితే ముఖం ఆకుపచ్చ అవుతుంది.

కొత్త కెమెరాలో మూడు అమరికలు చూసుకోండి. ఒకటి, సైలెంట్ షట్టర్ ఆపేయండి. అది ఉంటే చాలా కెమెరాల్లో ఫ్లాష్ వెలగదు. రెండు, మిర్రర్‌లెస్ కెమెరా అయితే ఎఫ్ నంబర్ పెంచగానే తెర చీకటై ఏమీ కనిపించకపోవచ్చు. ఎక్స్‌పోజర్ ప్రివ్యూను ఆపండి, మామూలుగా కనిపిస్తుంది. మూడు, వేరే కంపెనీ ఫ్లాష్‌కు మధ్య చుక్క కాక ఇంకా చుక్కలుంటే వాటి మీద చిన్న ప్లాస్టిక్ టేపు ముక్క అంటించండి. మధ్య చుక్క ఒక్కటే మాట్లాడితే చాలు.

ఏళ్ల తరబడి పడి ఉన్న ఫ్లాష్‌ను ఎలా లేపాలో కూడా చెబుతాను. ముందు సెల్లుల గది తెరవండి. పాత సెల్లులు కారి తెల్లటి పొడి పట్టి ఉండొచ్చు. దూదికి కాస్త నిమ్మరసం అద్ది తుడవండి, తర్వాత పొడి గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. సెల్లులన్నీ ఒకే రకం, ఒకే వయసువి వేయండి. ఛార్జింగ్ సెల్లులు వేయాలంటే నికెల్ రకం వేయండి. పెన్సిల్ సెల్లు సైజులోనే దొరికే 3.7 వోల్టుల లిథియం సెల్లులు మాత్రం వేయొద్దు, లోపలి భాగాలు మాడిపోతాయి. ఆన్ చేసి, దీపం వెలిగాక కొట్టకుండా కొన్ని నిమిషాలు అలాగే ఉంచండి. లోపలి కెపాసిటర్ చాలాకాలం నిద్రపోయింది, మెల్లగా లేవాలి. తర్వాత మధ్య మధ్య ఆగుతూ కొన్నిసార్లు వెలిగించండి. మొదట దీపం ఆలస్యంగా వెలుగుతుంది, క్రమంగా కుదురుకుంటుంది. పూర్తి బలంతో గుక్క తిప్పుకోకుండా కొట్టకండి, వేడెక్కిపోతుంది.

ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఫ్లాష్‌ను విప్పకండి. సెల్లులు తీసేసినా లోపల 300 వోల్టుల దాకా నిలిచి ఉంటుంది. ఆ షాక్ ప్రాణం మీదికి తెస్తుంది. పిల్లలకు విప్పి ఆడుకోమని ఇవ్వకండి. రిపేరు తెలిసినవాళ్ల చేతికే ఇవ్వండి.

ఇంత శ్రమ ఎందుకు, కొత్త ఫ్లాష్ కొంటే పోలేదా అని మీరు అడగవచ్చు. డబ్బు ఉండి, పెళ్లిళ్ల పని రోజూ ఉంటే కొనండి, తప్పేం లేదు. పరుగెత్తే పనిలో టీటీఎల్ నిజంగా ఉపయోగపడుతుంది. కాని ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న కుర్రవాళ్లకు, కాలేజీ పిల్లలకు, అప్పు చేసి కెమెరా కొన్న తమ్ముళ్లకు నేను చెప్పేది వేరు. వెలుగు నేర్చుకోవడానికి పాత ఫ్లాష్‌ను మించిన గురువు లేదు. అది మీ బదులు ఆలోచించదు. దూరం ఎంత, బలం ఎంత, ద్వారం ఎంత అని ప్రతిసారీ మిమ్మల్నే అడుగుతుంది. ఆ మూడింటికీ జవాబు చెప్పడం వస్తే రేపు మీ చేతికి ఏ కంపెనీ ఫ్లాష్ వచ్చినా, ఎంత ఖరీదైన స్టూడియో లైటు వచ్చినా బెదరరు.

1931లో అమెరికాలోని ఎంఐటీలో హెరాల్డ్ ఎడ్జర్టన్ అనే ఇంజనీర్ గ్యాసు గొట్టంలో విద్యుత్తును ఒక్క క్షణం మెరిపించి ఈ దారి తెరిచాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఫ్లాష్ చేసే పని మారలేదు. గొట్టం అదే, మెరుపు అదే. మారింది దానికి ఆజ్ఞ ఇచ్చే తీరు. ఆజ్ఞ మీరే ఇవ్వగలిగితే పాతదీ కొత్తదీ ఒకటే. పనిచేసే వస్తువును చెత్తలో వేయడం మనకు నష్టం, మన నేలకూ నష్టం. రీలు కాలంలో ఊరూరా స్టూడియోలు నడిపిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ల దగ్గరికి వెళ్లండి. ఫ్లాష్ అడగండి, ఫ్లాష్‌తో పాటు ఆ పనితనం కూడా అడిగి నేర్చుకోండి. వాళ్లు సంతోషంగా చెబుతారు.

ఈ వారంలో ఒక పని పెట్టుకోండి. ఫ్లాష్ కిందికి దించండి. వోల్టేజీ కొలవండి. 24 లోపు ఉంటే కెమెరా మీద పెట్టండి, దాటితే రేడియో ట్రిగ్గర్ మీద పెట్టండి. ఇంట్లో ఒకరిని గోడకు దూరంగా నిలబెట్టి, 3 మీటర్లు టేపుతో కొలిచి, ఐఎస్ఓ కదపకుండా, ఎఫ్ నంబర్ ఒక్కొక్కటే మారుస్తూ ఫోటోలు తీయండి. ఏది సరిగ్గా వచ్చిందో చూడండి. మీ ఫ్లాష్ అసలు బలం ఎంతో ఆ ఒక్క ఫోటో చెబుతుంది. దూరం, ఎఫ్ నంబర్ ఒక చిన్న కాగితం మీద రాసి ఫ్లాష్ వెనక అంటించండి. చవితి పందిట్లోకి ఆ కాగితంతో వెళ్లండి.

ముందు వోల్టేజీ, తర్వాత వెలుగు.